తాయిలం చూపిస్తే ఆసక్తి పెరుగుతుందా, పోతుందా?

భాష నేర్పే మొబైల్ యాప్ ఒకటి కొన్నాళ్లు వాడాను. మొదటి నెల సరదాగానే గడిచింది. కొత్త లిపి, నోరు తిరగని కొత్త శబ్దాలు, ఒక వాక్యం సొంతంగా కూర్చగలిగినప్పుడు కలిగే సంబరం. తెర మీద ఓ మూల ఒక అంకె ఉండేది. వరసగా ఎన్ని రోజులు పాఠం చదివానో దాని లెక్క. అది 40 దాటాక నా ధ్యాసంతా ఆ అంకె మీదికి పోయింది. రాత్రి 11:50కి, కళ్లు మూతలు పడుతుంటే, ఎప్పుడో వచ్చేసిన మొదటి పాఠాన్నే మళ్లీ తెరిచి, రెండు నిమిషాల్లో ముగించి, అంకె ఒకటి పెరిగిందని చూసుకుని పడుకునేవాణ్ణి. ఒకసారి ప్రయాణంలో పడి మరిచిపోయాను. లెక్క సున్నాకి వచ్చేసింది. ఆ మర్నాటి నుంచి యాప్ తెరవలేదు. విచిత్రమేమిటంటే, ఆ భాష మీద ఇష్టం నాకు యాప్ కంటే ముందునుంచీ ఉంది.

బడిలో స్టార్లు, ఇంట్లో "మంచి మార్కులు తెస్తే సైకిల్ కొనిపెడతా", ఆఫీసులో టార్గెట్లు, ఇన్సెంటివ్‌లు. ఇవన్నీ ఆ అంకెకు అన్నదమ్ములే. వీటి గురించి మాట వచ్చినప్పుడల్లా జనం రెండు జట్లుగా చీలిపోతారు. ఏమీ ఇవ్వకపోతే ఎవడు చేస్తాడు అంటుంది ఒక జట్టు. ఆశ చూపిస్తే ఉన్న ఇష్టం కూడా పోతుంది అంటుంది రెండోది. చిక్కేమిటంటే, ఇద్దరి దగ్గరా గట్టి ఆధారాలే ఉన్నాయి.

## లోపలి ప్రేరణ, బయటి ప్రేరణ: ముందు మాటల అర్థం

ఒక పని చేయడమే మనకు హాయిగా ఉండి, అందుకే చేస్తుంటే అది లోపలి ప్రేరణ. పాఠ్యపుస్తకాల్లో అంతర్గత ప్రేరణ అంటారు. పనివల్ల దక్కే వేరే దేనికోసమో, అంటే డబ్బు, మార్కులు, పదవి, మెప్పు కోసమో, తిట్లు తప్పించుకోవడానికో చేస్తుంటే అది బయటి ప్రేరణ, బాహ్య ప్రేరణ.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మనసులో పుట్టిందల్లా లోపలి ప్రేరణ కాదు. సిగ్గు మనసులోనే పుడుతుంది, పోటీ కూడా అక్కడే పుడుతుంది. కానీ "పక్కింటివాడి కంటే వెనకబడతానేమో" అని చేసే పనిని ఈ లెక్కలో లోపలి ప్రేరణ అనరు. గుర్తుపట్టడానికి తేలికైన ప్రశ్న ఒకటే. ఎవరూ చూడకపోయినా, ఏమీ రాకపోయినా ఆ మనిషి ఆ పని ముట్టుకుంటాడా? పరిశోధకులు ప్రయోగశాలలో పెట్టే పరీక్ష కూడా ఇంచుమించు ఇదే.

20వ శతాబ్దం మొదటి సగంలో అసలు లోపలి ప్రేరణ అనేదొకటి ఉందంటేనే నమ్మేవారు తక్కువ. ఆకలి, దాహం, నొప్పి, బహుమానం, శిక్ష. ప్రాణి ఏం చేసినా వీటిలో ఏదో ఒకదాని కోసమే అనేది అప్పటి ధోరణి. అమెరికాలో మనస్తత్వవేత్త హ్యారీ హార్లో, ఆయన సహచరులు కోతుల ముందు కొక్కేలు, గడియలు బిగించిన పజిల్ పెట్టారు. విప్పితే తిండి లేదు, ఏమీ లేదు. అయినా కోతులు పట్టుబట్టి విప్పాయి, మళ్లీ మళ్లీ విప్పాయి. 1950లో వచ్చిన ఈ ఫలితాన్ని పాత సిద్ధాంతంలో ఎక్కడ ఇరికించాలో ఎవరికీ తోచలేదు.

## డబ్బిచ్చారు, ఆట ఆగింది

20 ఏళ్ల తర్వాత మరో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ డెసీ అదే ప్రశ్నను మనుషుల మీద పెట్టి చూశాడు. ఆయన వాడినది సోమా క్యూబ్. వేర్వేరు ఆకారాల్లో ఉండే 7 ముక్కలు, వాటిని కలిపి కాగితం మీద చూపిన బొమ్మలు కట్టాలి. ఒకసారి చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాని రకం.

కాలేజీ విద్యార్థులు 24 మంది. విడివిడిగా, మూడు రోజులు వచ్చారు. సగం మందికి ఎప్పుడూ డబ్బు లేదు. మిగతా సగానికి రెండో రోజు మాత్రం పూర్తి చేసిన ఒక్కో బొమ్మకు ఒక డాలర్. మూడో రోజు వాళ్లకీ లేదు. అసలు కొలత మాత్రం మధ్యలో ఉంది. రోజూ ఒక సమయంలో డెసీ ఏదో వంక చెప్పి 8 నిమిషాలు బయటికి వెళ్లేవాడు. బల్ల మీద పత్రికలు ఉండేవి, పజిల్ ముక్కలూ ఉండేవి. ఆ 8 నిమిషాల్లో వాళ్లు ఏం ముట్టుకుంటారో అద్దం వెనక నుంచి గమనించేవారు.

డబ్బు తీసుకున్నవాళ్లు మొదటి రోజు ఆ ఖాళీ సమయంలో సగటున 250 సెకన్లకు అటూ ఇటూగా పజిల్‌తో ఆడారు. డబ్బిచ్చిన రోజు అది 310 దాటింది. డబ్బు ఆపిన రోజు 200 దగ్గరికి పడిపోయింది, అంటే మొదటి రోజు కంటే కిందికి. డబ్బు ఊసే లేనివాళ్లకు అలాంటి పతనం కనిపించలేదు. ఇది 1971లో అచ్చయింది. చిన్న ప్రయోగం, తేడా కూడా గొప్పదేం కాదు. ఇదొక్కటే అయితే నేను పెద్దగా పట్టించుకునేవాణ్ణి కాదు.

రెండేళ్లకు స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగం ఇంకా పదునైనది. రంగుల స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న పిల్లలనే ఎంచుకున్నారు, 51 మందిని. ఒక జట్టుకు "బొమ్మ గీస్తే బంగారు ముద్ర, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో జట్టుకు ఏమీ చెప్పలేదు, గీసిన తర్వాత అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మూడో జట్టుకు ఏమీ లేదు. వారం పది రోజులాగి, మామూలు ఆటల వేళ పెన్నులు బల్ల మీద ఉంచి చూశారు. ముందే మాటిచ్చిన జట్టు పెన్నుల దగ్గర గడిపిన సమయం మిగతా రెండు జట్లు గడిపినదానిలో దాదాపు సగమే.

రెండో జట్టును మళ్లీ ఒకసారి చూడండి. వాళ్లకూ అదే బంగారు ముద్ర, అదే రిబ్బన్. వాళ్ల ఇష్టం మాత్రం చెక్కుచెదరలేదు. అంటే చెడగొట్టింది సర్టిఫికెట్ కాదు, "ఇది చేస్తే అది" అనే ఒప్పందం.

## బహుమతి మనతో ఏం మాట్లాడుతుంది

ఇలా ఎందుకవుతుంది? రెండు వివరణలున్నాయి. లెప్పర్ బృందం చెప్పింది ఇది: మన పనులను చూసి మన మనసును మనమే అంచనా వేసుకుంటాం. "నేనెందుకు గీశాను? ఆ సర్టిఫికెట్ కోసం కదా" అని పిల్లవాడి బుర్రలో లెక్క సరిపోతే, ఇష్టం అనే కారణానికి అక్కడ చోటుండదు.

డెసీ, ఆయనతో కలిసి పనిచేసిన రిచర్డ్ రయాన్ మరో దారిలో వెళ్లారు. మనిషికి తిండీ నీళ్లలాగే మూడు మానసిక అవసరాలున్నాయన్నారు: నా పని నా ఇష్టంతో చేస్తున్నాననే భావన, నాకు ఇది చేతనవుతోందనే నమ్మకం, నలుగురితో అనుబంధం. ఏ బహుమతి అయినా రెండు సంగతుల్లో ఒకటి గట్టిగా చెబుతుంది. ఒకటి, "నువ్వు బాగా చేస్తున్నావు" అనే సమాచారం. రెండు, "నేను చెప్పినట్టు ఆడితేనే ఇస్తా" అనే అదుపు. మొదటిది రెండో అవసరాన్ని తీరుస్తుంది. రెండోది మొదటి అవసరాన్ని దెబ్బతీస్తుంది. ఒకే వంద రూపాయలు ఇచ్చే తీరును బట్టి ఏదైనా చెప్పొచ్చు.

పొగడ్తకు కూడా ఇదే కొలత. "ఈ మలుపు దగ్గర నీ వాదన బాగా బిగిసింది" అంటే సమాచారం. "శభాష్, నేను అనుకున్నట్టే చేశావు, ఇలాగే చెయ్యాలి" అంటే పొగడ్త వేషంలో ఉన్న పగ్గం.

2010లో కౌ మురయామా బృందం మెదడు స్కానింగ్‌తో దీన్ని తరచి చూసింది. ఆట చాలా తేలిక. స్టాప్‌వాచ్‌ను సరిగ్గా 5 సెకన్ల దగ్గర, 0.05 సెకను తేడా లోపల ఆపాలి. చిన్నదే కానీ పట్టుకుంటే వదలదు. గెలుపుకు డబ్బిచ్చిన జట్టులో, తర్వాత డబ్బు ఆపేసినప్పుడు, బహుమతికి స్పందించే మెదడు భాగం గెలిచినా పెద్దగా స్పందించలేదు. ఖాళీ సమయంలో ఆ ఆట ముట్టుకోవడమూ తగ్గింది. డబ్బు మాటే వినని జట్టులో గెలుపుకు ఆ స్పందన నిలిచే ఉంది.

## అవతలి జట్టు చేతిలోని ఆధారాలు

ఇంతటితో ఆపేస్తే వ్యాసం ఏకపక్షమైపోతుంది. 1994లో జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ అప్పటిదాకా వచ్చిన 96 ప్రయోగాలను కలిపి లెక్కేసి, మొత్తం మీద చూస్తే బహుమతులు లోపలి ప్రేరణను తగ్గించడం లేదన్నారు. నష్టం కనిపించేది ఒక్క ఇరుకు సందర్భంలోనే అన్నారు: ముందే మాటిచ్చిన వస్తురూప బహుమతిని, ఎలా చేశారన్నది చూడకుండా ఇచ్చినప్పుడు. దానికి బదులుగా డెసీ, కోస్ట్‌నర్, రయాన్ 1999లో 128 ప్రయోగాలతో ఎదురు లెక్క తెచ్చారు. ముందే మాటిచ్చిన వస్తురూప బహుమతులు ఆసక్తిని తగ్గిస్తున్నాయి, మంచి మాట పెంచుతోంది, అనుకోకుండా ఇచ్చినది హాని చేయడం లేదు అని వాళ్లు తేల్చారు.

రెండు పక్షాల గొడవా చాలావరకు ఒక రకం ప్రయోగాల మీదే: విసుగు పుట్టించే పనులతో చేసిన ప్రయోగాలను లెక్కలో కలపాలా, వద్దా? ఇష్టమే లేని పనిలో పోవడానికి ఇష్టమెక్కడిది? అలాంటివి కలిపితే సగటు సున్నా వైపు జరుగుతుంది. తీసేస్తే నష్టం స్పష్టంగా కనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో నాకు డెసీ వైపే న్యాయం కనిపిస్తుంది. కానీ బతుకులో మనం చేసే పనుల్లో విసుగైనవే ఎక్కువ కాబట్టి, కామెరాన్ వాదనను పక్కకు నెట్టేయడానికీ లేదు.

ప్రయోగశాల దాటి బయటికొస్తే డబ్బు బలం ఇంకా బాగా కనిపిస్తుంది. అమెరికాలో కారు ముందు అద్దాలు అమర్చే సేఫ్‌లైట్ అనే కంపెనీ గంటల లెక్క జీతం తీసేసి, అమర్చిన అద్దాన్ని బట్టి కూలి పెట్టింది. ఆర్థికవేత్త ఎడ్వర్డ్ లేజియర్ 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఒక్కో మనిషి పని 44 శాతం పెరిగింది. అయితే అందులో సుమారు సగమే ఉన్న మనుషులు చురుకవడం వల్ల వచ్చింది. మిగతాదానిలో పెద్ద వాటా, చురుకైనవాళ్లు వచ్చి చేరడం, నిలిచిపోవడం వల్ల. మనం "ఇన్సెంటివ్ జనాన్ని మార్చింది" అనుకునే చోట చాలాసార్లు జనమే మారిపోయి ఉంటారు.

ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ బడుల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనం కూడా డబ్బు వైపే మాట్లాడుతుంది. పిల్లల మార్కులు మెరుగైతే టీచర్లకు బోనస్. సగటున అది ఏడాది జీతంలో 3 శాతం దగ్గర. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతా బడుల కంటే స్పష్టంగా ముందున్నారు. బోనస్‌తో ముడిపెట్టని సైన్సు, సోషల్‌లో కూడా ముందున్నారు. "డబ్బు పెడితే దానికి లెక్క కట్టినంత వరకే చేస్తారు" అనే అనుమానం అక్కడ నిజం కాలేదు.

## ఒకే స్టారు, ఇద్దరు పిల్లలు

ఈ రెండు రకాల ఆధారాలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. ఒక తరగతిలో పుస్తకం చదివితే ఒక స్టారు, 10 స్టార్లకు ఒక బహుమతి అన్నారనుకోండి.

మొదటి అమ్మాయికి చదవడమంటే ప్రాణం. 300 పేజీల నవల సగంలో ఉంది. ఇప్పుడామెకు లెక్క ఎదురైంది: ఈ నవల పూర్తిచేస్తే ఒక స్టారు, ఈలోపు 16 పేజీల బొమ్మల పుస్తకాలు ఎన్నో చదివేయొచ్చు. నవల అరలోకి వెళ్లింది. పోటీ ముగిసేసరికి ఆమె చదివిన పుస్తకాల సంఖ్య పెరిగింది, చదివిన పేజీలు తగ్గాయి. ఏడాది చివర టీచర్ రిపోర్టులో కనిపించేది మాత్రం సంఖ్యే.

రెండో అబ్బాయి ఎప్పుడూ పుస్తకం పట్టలేదు. అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం. స్టారు కోసం పది పలచటి పుస్తకాలు చదివాడు. పదో పుస్తకానికి వచ్చేసరికి చదువు నోటికి తేలికైంది. ఇంతకుముందు కథ ఎలా ఉంటుందో రుచే తెలియనివాడికి, ఇప్పుడు తెలిసింది. వాడి దగ్గర పోగొట్టుకోవడానికి ఇష్టం లేదు, దొరకడానికి ఉంది.

స్టారు ఒకటే. నష్టం ఒకరికి, లాభం మరొకరికి. ఆ తరగతి సగటు తీస్తే ఏమీ జరగనట్టే కనిపించవచ్చు.

దేనికి ఇస్తున్నామన్నదీ ముఖ్యమే. అమెరికా నగరాల్లో ఆర్థికవేత్త రోలండ్ ఫ్రయర్ విద్యార్థులకు డబ్బిచ్చి చూసినప్పుడు, న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు ఇచ్చిన డబ్బు మార్కులను కదిలించలేకపోయింది. డాలస్‌లో రెండో తరగతి పిల్లలకు చదివిన పుస్తకానికి 2 డాలర్లు ఇస్తే, చదివి అర్థం చేసుకోవడం మెరుగైంది. మార్కులు తేవాలంటే ఏం చేయాలో పిల్లలకు తెలియదు. పుస్తకం ఎలా చదవాలో తెలుసు.

## డబ్బు మధ్యలోకి వస్తే సంబంధమే మారిపోయే చోట్లు

ఇజ్రాయెల్‌లోని హైఫాలో యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టిచినీ 10 శిశు సంరక్షణ కేంద్రాల్లో 20 వారాలు లెక్కలు చూశారు. పిల్లలను తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారు. 6 కేంద్రాల్లో, 10 నిమిషాలు దాటితే 10 షెకెల్‌ల (షెకెల్ అక్కడి కరెన్సీ) జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అంతవరకు టీచరమ్మను కూర్చోబెట్టామే అన్న మొహమాటం ఉండేది. ఇప్పుడు అది డబ్బు కట్టి కొనుక్కునే సేవ అయిపోయింది. అసలు కథ దాని తర్వాత ఉంది. 17వ వారంలో జరిమానా ఎత్తేశారు. ఆలస్యాలు మాత్రం తగ్గలేదు. మొహమాటం తిరిగి రాలేదు, పైగా సేవ ఉచితమైంది.

ఇదే ఇద్దరు మరో ప్రయోగంలో విద్యార్థులకు 50 ప్రశ్నల పరీక్ష పెట్టారు. అదనంగా ఏమీ ఇవ్వనివాళ్లు సగటున 28 సరిగా చేశారు. సరైన జవాబుకు షెకెల్‌లో పదోవంతు ఇచ్చినవాళ్లు 23 మాత్రమే. ఒక షెకెల్ ఇస్తే 34 దాటింది, 3 షెకెల్‌లు ఇచ్చినా అక్కడే ఉంది. చిల్లర విదిలిస్తే మనిషి తన పని విలువను ఆ చిల్లరతోనే తూచుకుంటాడు.

స్వీడన్‌లో కార్ల్ మెల్‌స్ట్రోమ్, మాగ్నస్ యోహానెస్సన్ 2008లో ప్రచురించిన రక్తదాన ప్రయోగంలో, దాతలవడానికి ముందుకొచ్చిన మహిళలు 52 శాతం నుంచి 30కి తగ్గారు, 50 క్రోనర్ (స్వీడన్ కరెన్సీ) ఇస్తామన్నందుకు. ఆ డబ్బును సేవాసంస్థకు ఇవ్వొచ్చు అనే వీలు కల్పించగానే మళ్లీ 53కు చేరారు. పురుషుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాగని రక్తదానానికి బహుమతి ఎక్కడైనా చేటే అనుకోవడానికి లేదు. నిజమైన శిబిరాల్లో చిన్న కానుకలు పెట్టి చూసిన తర్వాతి అధ్యయనాల్లో చాలావాటిలో దాతలు పెరిగారు.

## రెండు గదులు కావు, నిచ్చెన

ఇప్పటిదాకా లోపలి, బయటి అని రెండు గదులుగా చెప్పుకొచ్చాను. అది సగం నిజమే. తెల్లవారి పరుగెత్తే నలుగురిని తీసుకోండి. ఒకడు పందెం కాశాడు కాబట్టి పరుగెత్తుతున్నాడు. రెండోవాడు మానేస్తే తన మీద తనకే రోత పుడుతుందని. మూడోవాడికి పరుగంటే ఇష్టం లేదు, కానీ గుండె పదికాలాలు నిలవాలని తెలుసు, ఆ ఆరోగ్యం తనకు నిజంగా కావాలి. నాలుగోవాడికి గాలి మొహానికి కొడుతుంటే పరుగెత్తడమే సుఖం.

మొదటి వర్గీకరణ ప్రకారం నాలుగోవాడొక్కడిదే లోపలి ప్రేరణ, మిగతా ముగ్గురిదీ బయటిదే. కానీ వాన పడ్డ రోజు చూడండి. పందెం గడువు తీరినవాడు దుప్పటి ముసుగేస్తాడు. మూడోవాడు గొణుక్కుంటూనే బూట్లు కట్టుకుంటాడు. డెసీ, రయాన్‌లు తర్వాత చేసిన పనిలో ఎక్కువ భాగం ఈ మెట్ల మీదే. మొదటి మెట్టు మీద ఉన్నవాడు మూడో మెట్టుకు ఎలా చేరతాడన్నదే వాళ్ల ప్రశ్న. ఉద్యోగాల్లో, చదువుల్లో, మందులు వేసుకోవడంలో మనకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఫైళ్లు సర్దడాన్ని ఎవరూ ప్రేమించరు, ప్రేమించాల్సిన పనీ లేదు.

## ఇష్టపడే వీలే లేని పనులు

దీని మీద 1994లో డెసీ బృందం చేసిన ప్రయోగంలో కావాలనే పరమ విసుగు పుట్టించే పని ఎంచుకున్నారు. కంప్యూటర్ తెర మీద చుక్క వెలిగినప్పుడల్లా స్పేస్‌బార్ నొక్కాలి. అంతే. నొక్కుతూనే ఉండాలి. డబ్బు సంగతి పక్కనబెట్టి, పని అప్పగించేటప్పుడు మూడు విషయాలు కలిపారు, లేదా తీసేశారు: ఇది ఎందుకు చేయాలో కారణం చెప్పడం, ఇది విసుగ్గా ఉంటుందని దాచకుండా ఒప్పుకోవడం, "చెయ్యాలి, తప్పదు" అనే మాటలు మాని ఎంచుకునే స్వేచ్ఛ వినిపించేలా మాట్లాడటం.

వీటిలో ఎక్కువ దొరికినవాళ్లు, ఆ తర్వాత ఖాళీగా వదిలేసినప్పుడు కూడా స్పేస్‌బార్ నొక్కడానికి ఎక్కువ మొగ్గారు. ఎక్కువసేపు నొక్కినవాళ్లలో, ఇది ఉపయోగమే, నా ఇష్టంతోనే చేశాను అన్నవాళ్లు ఎక్కువ. ఇవి కొరవడ్డ జట్టులోనూ కొందరు నొక్కారు. కానీ ఎక్కువ నొక్కినకొద్దీ వాళ్లలో ఆ ఇష్టం పెరిగిన జాడ లేదు. చెయ్యి మాత్రం నొక్కుతూ పోయింది, రాత్రి 11:50కి నా వేలిలాగే.